రాత్రి కథాగాన ప్రదర్శనల ఛాయాచిత్రణ: రంగస్థల కాంతి, క్షేత్రపరిశోధన ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

బుర్రకథ, హరికథ, ఒగ్గుకథ వంటి కథాగాన కళారూపాల పరిశోధనలో పాఠసేకరణకు, ధ్వనిముద్రణకు ఉన్న పద్ధతి ఛాయాచిత్రణకు ఇంకా ఏర్పడలేదు. ఈ ప్రదర్శనలు చాలావరకు రాత్రివేళ జరుగుతాయి. అక్కడి వెలుగు తక్కువగా, అసమానంగా, తరచుగా రంగురంగులుగా ఉంటుంది. అటువంటి కాంతిలో కెమెరా ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పొరబడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. కాంతికి సంబంధించిన ప్రతి నిర్ణయమూ ప్రదర్శనలో దేనిని సాక్ష్యంగా నిలపాలి, దేనిని వదులుకోవాలి అనే పరిశోధన నిర్ణయమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కథాగానం, బుర్రకథ, హరికథ, ఒగ్గుకథ, క్షేత్రపరిశోధన, ఛాయాచిత్రణ, రంగస్థల కాంతి, వంతలు, దృశ్యసాక్ష్యం.

1. ప్రవేశిక:

జానపద ప్రదర్శన కళలపై వెలువడే సిద్ధాంతగ్రంథాల అనుబంధాలలో ఒక తీరు ఛాయాచిత్రం తరచుగా కనిపిస్తుంది. పగటివేళ, ఇంటి వాకిట్లోనో గుడి ముందో, కళాకారుడు పూర్తి వేషంతో వాద్యం పట్టుకొని కెమెరావైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ఆ చిత్రం వేషాన్ని చూపుతుంది, వాద్యం ఆకారాన్ని చూపుతుంది. ప్రదర్శనను మాత్రం చూపదు. కథకుడు ఏ మాట దగ్గర వంతవైపు తిరిగాడు, ఏ ఘట్టంలో తంబురాను ఆయుధంగా ఎత్తాడు, శోకఘట్టంలో శ్రోతలు ఎంత దగ్గరగా కూర్చున్నారు వంటి విషయాలు ఆ పగటి చిత్రంలో దొరకవు.

అసలు ప్రదర్శన జరిగిన రాత్రి తీసిన చిత్రాలు ఉండవని కాదు. ఉంటాయి. అయితే వాటిలో ముఖం తెల్లని మచ్చగా మారి ఉంటుంది, లేదా ఎర్రని ముద్దగా ఉంటుంది, లేదా చేయి అలికినట్లు కనిపిస్తుంది. గ్రంథంలో చేర్చడానికి పనికిరావని వాటిని పక్కనపెట్టి, మరునాడు ఉదయం కళాకారుణ్ణి మళ్ళీ వేషం కట్టించి నిలబెట్టడం జరుగుతుంది. ఈ విధంగా ప్రదర్శనకు బదులు ప్రదర్శన నమూనా సాక్ష్యంగా స్థిరపడుతుంది. కథాగానం ప్రధానంగా క్షణంలో పుట్టే కళ. అందులో పాఠం ఎంత ముఖ్యమో అభినయం, స్థానం, చూపు కూడా అంతే ముఖ్యం. కనుక రాత్రి వెలుగులో చిత్రం తీయగలగడం పరిశోధకునికి అవసరమైన నైపుణ్యంగా గుర్తించవలసి ఉంది.

2. కథాగాన వేదికపై వెలుగు:

తెలుగు ప్రదర్శన కళలలో వెలుగు ఎన్నడూ కేవలం చూడటానికి ఉపకరించే సాధనం కాదు. వీధినాటక సంప్రదాయంలో కాగడాల వెలుగే రంగస్థలానికి హద్దు. ప్రధానపాత్ర ప్రవేశించేటప్పుడు కాగడాపై గుగ్గిలం పొడి చల్లి మంటను ఒక్కసారిగా ఎగయించేవారు. ఆ మెరుపు పాత్రకు స్వాగతం. తరువాత పెట్రోమాక్సు దీపాలు, ట్యూబులైట్లు, హాలోజన్ దీపాలు వచ్చాయి. ఇప్పుడు గ్రామోత్సవాలలో సైతం రంగులు మారే ఎల్.ఇ.డి. దీపాలు, వెనుక పెద్ద ఫ్లెక్సీ లేదా ఎల్.ఇ.డి. తెర సాధారణమయ్యాయి.

ఈ మార్పులు కెమెరాకు వేర్వేరు సమస్యలను తెచ్చాయి. కాగడా, నూనెదీపాల కాంతి తక్కువ. కాని దాని రంగు ఎరుపు పసుపుల మధ్య నిలకడగా ఉంటుంది. హాలోజన్ కాంతి ఎక్కువ. దాని వర్ణపటంలో ఖాళీలు లేవు కనుక రంగులు దాదాపు సహజంగానే వస్తాయి. ఎల్.ఇ.డి. వేదికపై కాంతి పరిమాణం తగినంత ఉన్నా, అది ఇరుకైన ఒకటి రెండు వర్ణాలకే పరిమితం కావచ్చు. వేదిక వెలిగిపోతున్నట్లు కంటికి తోచినా చిత్రంలో ముఖకవళికలు కనిపించకపోవడానికి కారణం ఇదే.

సాంకేతిక పరిమితి ఒకప్పుడు నిజమైన అడ్డంకి. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) హరికథలు చెప్పిన కాలపు ఛాయాచిత్ర సామగ్రితో దీపాల వెలుగులో కదిలే గాయకుణ్ణి స్పష్టంగా పట్టడం దుస్సాధ్యం. షేక్ నాజర్ (1920-1997) బుర్రకథను ఊరూరా వినిపిస్తున్న దశకంలోనే, 1954లో, కొడాక్ సంస్థ ట్రై-ఎక్స్ ఫిల్మును 35 మి.మీ. రూపంలో విడుదల చేసింది. తరువాతి కాలంలో తక్కువ వెలుగు చిత్రణకు ఆధారంగా నిలిచిన ఈ ఫిల్ము సున్నితత్వాన్ని 400గా లెక్కించేవారు. నేటి సాధారణ డిజిటల్ కెమెరా 6400 సున్నితత్వం వద్ద కూడా ముద్రణకు పనికివచ్చే చిత్రాన్ని ఇస్తుంది. అంటే అదే ఎక్స్‌పోజర్‌కు 16వ వంతు వెలుగు చాలు. కనుక నేటి లోపం పరికరానిది కాదు, దానిని వినియోగించే పద్ధతిది.

3. మూడు నియంత్రణలు, మూడు నష్టాలు:

చిత్రంలో చేరే వెలుగు మోతాదును మూడు అంశాలు నిర్ణయిస్తాయి. అపర్చర్ అంటే లెన్స్‌లోని రంధ్రం వెడల్పు, షట్టర్ వేగం అంటే సెన్సర్‌పై వెలుగు పడే వ్యవధి, ఐ.ఎస్.ఓ. అంటే అందిన సంకేతాన్ని ఎంతగా హెచ్చించాలన్న నిర్ణయం. వెలుగును రెట్టింపు లేదా సగం చేసే ఒక్కొక్క మెట్టును ‘స్టాప్’ అంటారు.

వెలుగు తక్కువైనప్పుడు ఈ మూడింటిలో ప్రతిదానికీ ఒక నష్టం ఉంది. అపర్చర్‌ను పెద్దది చేస్తే స్పష్టంగా కనిపించే లోతు తగ్గి, ముందున్న వ్యక్తి స్ఫుటంగా, వెనుకనున్న వ్యక్తి మసకగా వస్తారు. షట్టర్ వ్యవధిని పెంచితే కదలిక అలికినట్లవుతుంది. ఐ.ఎస్.ఓ.ను పెంచితే చిత్రంలో ఇసుక చల్లినట్లు రవ్వలు కనిపిస్తాయి. నష్టం లేకుండా రాత్రి చిత్రం రాదు. ఏ నష్టాన్ని అంగీకరించాలన్నదే ప్రశ్న.

ఒక లెక్కతో దీనిని స్పష్టం చేయవచ్చు. ఒక వేదికపై ఎఫ్/2.8 అపర్చర్, సెకనులో 200వ వంతు షట్టర్ వేగం, 3200 ఐ.ఎస్.ఓ. సరిపోతాయని అనుకుందాం. కెమెరాతోపాటు వచ్చే సాధారణ జూమ్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేసినప్పుడు దాని గరిష్ఠ అపర్చర్ చాలా సందర్భాలలో ఎఫ్/5.6 మాత్రమే. అప్పుడు అదే షట్టర్ వేగానికి ఐ.ఎస్.ఓ.ను 12800కు పెంచవలసి వస్తుంది. అందుకు భిన్నంగా, తక్కువ ధరకు దొరికే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ ఎఫ్/5.6 కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగును లోనికి రానిస్తుంది. పరిమిత వనరులున్న పరిశోధకునికి ఖరీదైన కెమెరా కన్నా ఇటువంటి లెన్స్ ఎక్కువ ఉపకరిస్తుంది. జూమ్ లేని లోటును నడిచి తీర్చుకోవాలి.

పరిశోధన దృష్టితో చూస్తే ఈ నష్టాలు సమానమైనవి కావు. రవ్వలున్న చిత్రంలో చేతిముద్రను గుర్తించవచ్చు. అలికిపోయిన చిత్రంలో గుర్తించలేము. అందువల్ల ఐ.ఎస్.ఓ. పెంచడానికి సంకోచించి షట్టర్ వేగాన్ని తగ్గించడం సరైన ఎంపిక కాదు. రవ్వలకు భయపడి చీకటిగా తీసి, తరువాత కంప్యూటర్‌లో వెలుగు పెంచడం కూడా ఆ రవ్వలను పెంచే మార్గమే.

4. మీటరు ఎందుకు పొరబడుతుంది:

కెమెరాలోని మీటరు తాను చూస్తున్న దృశ్యం సగటున మధ్యస్థ బూడిదవన్నెలో ఉంటుందన్న ఊహపై పనిచేస్తుంది. కథాగాన వేదిక ఈ ఊహను రెండు వైపులా భంగపరుస్తుంది. నల్లని చీకటి నేపథ్యంలో ఒక్క హరిదాసు వెలుగులో నిలబడితే, మీటరు ఆ చీకటిని బూడిదవన్నెకు తేవాలని చూసి ముఖాన్ని తెల్లగా కాల్చివేస్తుంది. వెనుక వెలుగుతున్న ఎల్.ఇ.డి. తెర లేదా తెల్లని ఫ్లెక్సీ ఉంటే, ఆ కాంతికి వెరచి ముఖాన్ని చీకటిలోకి నెడుతుంది.

దీనికి పరిష్కారం మీటరు చూసే ప్రాంతాన్ని కుదించడం. స్పాట్ మీటరింగ్‌లో కెమెరా చట్రంలోని చిన్న భాగాన్ని మాత్రమే కొలుస్తుంది. ఆ భాగాన్ని కళాకారుని ముఖంపై నిలిపి కొలవాలి. ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. మీటరు ఏ చర్మాన్నైనా మధ్యస్థ బూడిదవన్నెకే తేవాలని చూస్తుంది. ముదురు చాయగల ముఖంపై దాని కొలతను యథాతథంగా అనుసరిస్తే ఆ ముఖం ఉన్నదానికన్నా తెల్లగా వస్తుంది. అటువంటప్పుడు చాయను బట్టి అర స్టాప్ నుండి ఒక స్టాప్ వరకు తగ్గించాలి. నల్లని ముఖం తెల్లబడటం అందచందాలకు సంబంధించిన చిన్న విషయంగా తోచవచ్చు. కాని దృశ్యసాక్ష్యంలో అది మనిషి రూపాన్ని మార్చడమే.

వెలుగు మారని వేదికపై ఈ విలువలను ఒకసారి నిర్ణయించి, మాన్యువల్ పద్ధతిలో స్థిరపరచుకోవచ్చు. వెలుగు తరచుగా మారే వేదికపై అపర్చర్‌ను, షట్టర్ వేగాన్ని స్థిరంగా ఉంచి, ఐ.ఎస్.ఓ.ను మాత్రం కెమెరాకు వదలడం అనుకూలం. హరిదాసు ధరించిన తెల్లని పట్టుపంచె, పూలమాల వంటివి ముందుగా కాలిపోయే భాగాలు. వాటి జరీ అంచు వివరాలు నిలిచాయో లేదో తొలి నిమిషాలలోనే చూసుకోవాలి.

5. రంగుకాంతిలో మాయమయ్యే చిహ్నాలు:

సెన్సర్‌లోని బిందువులు స్వతహాగా రంగును గుర్తించలేవు. బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు పొందిన అమరిక ప్రకారం, బిందువులలో సగంపై ఆకుపచ్చ, పావువంతుపై ఎరుపు, పావువంతుపై నీలం వడపోతలు ఉంటాయి. నేటి కెమెరాలలో అధికభాగం ఈ అమరికనే అనుసరిస్తాయి. వేదికపై కేవలం ఎర్ర ఎల్.ఇ.డి. దీపం వెలిగితే పావువంతు బిందువులకే చెప్పుకోదగ్గ వెలుగు అందుతుంది. మిగిలినవి దాదాపు ఖాళీగా ఉంటాయి. ఎర్ర వెలుగులో తీసిన ముఖం ఫోకస్ సరిగానే ఉన్నా మెత్తగా, ఆకృతి లేకుండా కనిపించడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం ఇంతకన్నా ముఖ్యమైనది. మొత్తం వెలుగు తక్కువగానే ఉందని మీటరు భావిస్తున్న సమయానికి ఎరుపు బిందువులు నిండి పొంగిపోతాయి. నిండిన బిందువులో వివరం మిగలదు. చెంప, ముక్కు, నుదురు ఒకే ముద్దగా కలిసిపోతాయి. సాధారణ హిస్టోగ్రామ్ ఈ ప్రమాదాన్ని చూపకపోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రేఖలను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను ఎంచుకొని, ఎర్రని లేదా నీలి కాంతిలో ఎక్స్‌పోజర్‌ను సుమారు ఒక స్టాప్ తగ్గించడం మంచిది.

ఈ విషయం జానపద పరిశోధకునికి ప్రత్యేకంగా ముఖ్యం. ఒక వస్తువు తాను పరావర్తనం చేయగల రంగు కాంతిలో లేకపోతే నల్లగా కనిపిస్తుంది. నీలి కాంతిలో కుంకుమబొట్టు నల్లబడుతుంది, పసుపు పూత మురికివన్నెకు మారుతుంది. ఎర్ర కాంతిలో దీనికి విరుద్ధంగా కుంకుమబొట్టు చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది, ఆకుపచ్చ వస్త్రం నల్లగా వస్తుంది. ఒగ్గుకథలో పసుపు బండారికి, పట్నం వేసే రంగుల పొడులకు మతపరమైన అర్థం ఉంది. అటువంటి సందర్భంలో రంగుకాంతిలో తీసిన ఒక్క చిత్రాన్ని నమ్మి వేషధారణను వర్ణిస్తే, కళాకారుడు బొట్టు పెట్టుకోలేదనో, నల్లవస్త్రం ధరించాడనో రాసే ప్రమాదం ఉంది. వేదికపై కొద్దిపాటి తెల్లని వెలుగు పడే క్షణం కోసం వేచి ఉండి, ప్రతి కళాకారునిదీ కనీసం ఒక్క చిత్రమైనా తీసుకోవాలి. రంగులకు ఆధారంగా ఆ చిత్రాన్నే గ్రహించాలి.

చిత్రాలను ‘రా’ రూపంలో భద్రపరచడం కూడా ఇందుకోసమే. జేపెగ్ రూపం ఒక్కొక్క వర్ణానికి 256 స్థాయిలను మాత్రమే నిలుపుతుంది. 14 బిట్ల ‘రా’ రూపం 16,384 స్థాయిలను నిలుపుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను ‘రా’ రూపంలో తరువాత సరిదిద్దవచ్చు. అయితే వెలుగులోనే లేని రంగును ఏ రూపమూ తిరిగి తేలేదు.

6. కంటికి కనబడని మినుకు:

భారతదేశంలో గృహవిద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. ఈ విద్యుత్తుతో నేరుగా వెలిగే చాలా దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కంటికి ఇది తెలియదు. షట్టర్ వ్యవధి సెకనులో 100వ వంతు లేదా 50వ వంతు అయినప్పుడు ఒకటి లేదా రెండు పూర్తి ఆవృత్తుల వెలుగు చిత్రంలో చేరుతుంది కనుక వరుస చిత్రాలు ఒకే తీరుగా వస్తాయి. 250వ వంతు లేదా అంతకన్నా తక్కువ వ్యవధిలో తీస్తే, ఒక చిత్రం వెలుగుగానూ మరుక్షణపు చిత్రం చీకటిగానూ రావచ్చు. దీనిని కెమెరా దోషంగా పొరబడకూడదు.

ఎల్.ఇ.డి. దీపాలలో సమస్య మరింత జటిలం. వాటి కాంతిని తగ్గించడానికి దీపాన్ని అతివేగంగా ఆర్పి వెలిగిస్తారు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చాలా సెన్సర్లు చిత్రాన్ని పైనుండి కిందికి వరుసలవారీగా చదువుతాయి. ఆ లోపల దీపం ఆరి వెలిగితే చిత్రమంతటా అడ్డచారలు పడతాయి. యాంత్రిక షట్టర్‌తో ఈ చారలు తగ్గుతాయి.

పరిశోధకునికి ఇక్కడ ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. యాంత్రిక షట్టర్ చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు శ్రోతలకు ఇబ్బంది కలిగించడమే కాక పక్కనే సాగుతున్న ధ్వనిముద్రణలోనూ చేరుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ నిశ్శబ్దంగా ఉంటుంది కాని చారల ప్రమాదం ఉంది. ప్రార్థన లేదా తొలి పరిచయ వాక్యాలు సాగుతున్న సమయంలో రెండు పద్ధతులలోనూ కొన్ని చిత్రాలు తీసి, చారలు పడుతున్నాయో లేదో పరీక్షించి నిర్ణయించుకోవాలి. చారలు తప్పనప్పుడు యాంత్రిక షట్టర్‌నే వాడుతూ, ధ్వనిముద్రణ పరికరానికి దూరంగా నిలబడాలి. కరుణరస ఘట్టాలలో, గద్యవచనం మెల్లగా సాగేచోట కెమెరాను దించివేయడం ఉత్తమం.

7. లయను అనుసరించే చిత్రణ:

బుర్రకథకుడు భుజాన తంబురాతో, వేళ్ళకు అందెలతో, ముందుకూ వెనుకకూ అడుగులు వేస్తూ కథ చెబుతాడు. ఈ కదలిక యాదృచ్ఛికం కాదు, తాళబద్ధమైనది. ముందుకు వచ్చిన అడుగు వెనుకకు మళ్ళే బిందువు వద్ద దేహవేగం క్షణకాలం శూన్యమవుతుంది. ఆ క్షణంలో 100వ వంతు షట్టర్ వేగం కూడా స్పష్టమైన చిత్రాన్ని ఇవ్వగలదు. నడక మధ్యలో తీస్తే 250వ వంతు కూడా చాలకపోవచ్చు. అంటే లయజ్ఞానం ఉన్న పరిశోధకుడు తక్కువ వెలుగును కొంతవరకు జయించగలడు. తాళాన్ని మనసులో లెక్కించుకుంటూ మలుపుకన్నా లేశమంత ముందుగా మీట నొక్కడం అభ్యాసంతో అలవడుతుంది.

గాయకుని నోటి విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దీర్ఘాచ్చు సాగే చోట ముఖం నిలకడగా ఉంటుంది. పెదవులు కలిసే ధ్వనుల వద్ద పాట ఆగిపోయినట్లు చిత్రం భ్రమింపజేస్తుంది. మైకు ముఖానికి అడ్డుపడటం మరో ఇబ్బంది. ఎదురుగా కాక కాస్త పక్కకు జరిగి, సుమారు 30 నుండి 45 డిగ్రీల కోణంలో నిలబడితే నోరు, మైకు విడివిడిగా కనిపిస్తాయి. ఎత్తైన వేదిక పాదాల వద్ద నుండి తీస్తే గడ్డం, ముక్కుపుటాలు ప్రధానమై, కళ్ళు కనిపించవు. నాలుగు అడుగులు వెనుకకు వెళ్ళి తీసిన చిత్రంలో చూపు దక్కుతుంది.

అన్ని చిత్రాలలోనూ కదలికను స్తంభింపజేయాలనే నియమం లేదు. ముఖం నిలకడగా ఉండి, డోలు వాయించే చేయి మాత్రం అలికినట్లున్న చిత్రం వాదనవేగాన్ని చెబుతుంది. కాని చేయి డోలుపై ఏ చోట పడుతుందో, పుల్లను ఎలా పట్టుకున్నారో నమోదు చేయాలంటే 500వ వంతు లేదా అంతకన్నా తక్కువ వ్యవధి అవసరం. రెండు రకాల చిత్రాలూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు.

8. వెలుగు అంచున వంతలు:

బుర్రకథ ముగ్గురి కళ. కథకునికి ఇరుపక్కలా గుమ్మెటలతో నిలిచే వంతలలో ఒకరు హాస్యాన్ని, మరొకరు రాజకీయ, సామాజిక వ్యాఖ్యానాన్ని నిర్వహించడం సంప్రదాయం. 1940వ దశకంలో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని రాజకీయ ప్రచారానికి విస్తృతంగా వినియోగించుకోవడంలో ఈ వంతల పాత్ర గణనీయమైనది. కథకుడు పురాణగాథనో వీరగాథనో చెబుతుంటే, వర్తమానాన్ని వేదికపైకి తెచ్చేది వంతల ప్రశ్నలే.

వేదిక దీపాలు మాత్రం సాధారణంగా మధ్యన ఉన్న కథకునిపైనే కేంద్రీకృతమవుతాయి. వంతలపై పడే వెలుగు అందులో సగమో పావో ఉంటుంది. కథకుని ముఖానికి సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెడితే వంతలు ఒకటి రెండు స్టాపులు చీకటిలో పడతారు. ఎఫ్/1.8 వద్ద కథకుని కంటిపై ఫోకస్ చేస్తే, ఒక అడుగు వెనుకనున్న వంత ముఖం మసకబారుతుంది. ఈ విధంగా దీపాల అమరిక, లెన్స్ స్వభావం కలిసి ముగ్గురి కళను ఒక్కరి కళగా మారుస్తాయి. ఆ చిత్రాలనే ఆధారంగా చేసుకునే తరువాతి పరిశోధకునికి వంతలు కేవలం నేపథ్యంగా తోచే అవకాశం ఉంది. హరికథలో మృదంగం, వయొలిన్, హార్మోనియం వాయించేవారి విషయంలోనూ, ఒగ్గుకథలో డోలు, తాళం వాయించే సహకళాకారుల విషయంలోనూ ఇదే పరిస్థితి.

దీనిని మూడు విధాలుగా ఎదుర్కోవచ్చు. మొదటిది, ముగ్గురూ ఒకే తలంలోకి వచ్చేలా నేరుగా ఎదుట, కాస్త దూరంగా నిలబడి ఎఫ్/4 వద్ద తీయడం. దూరం పెరిగినకొద్దీ స్పష్టత లోతు పెరుగుతుంది. రెండోది, వంత మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఎక్స్‌పోజర్‌ను, ఫోకస్‌ను వంతపైకే మార్చడం. ఆ చిత్రంలో కథకుని వస్త్రం కొంత కాలిపోయినా అంగీకరించవచ్చు. మూడోది, ప్రదర్శనకు ముందే నిర్వాహకులతో మాట్లాడి, ఒక తెల్లని దీపాన్ని పక్కకు తిప్పమని కోరడం. కళాకారుల సమ్మతితో చేసిన ఇటువంటి మార్పును పరిశోధకుడు తన నమోదులో పేర్కొనాలి.

9. ఫ్లాష్, మొబైల్, అనుమతి:

వెలుగు చాలనప్పుడు ఫ్లాష్ వాడటం సులభమైన మార్గంగా కనిపిస్తుంది. ఫ్లాష్ కాంతి దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల ముందు వరుసలోని శ్రోతల తలలు తెల్లగా, వేదిక చీకటిగా వచ్చే ప్రమాదం ఉంది. వేదిక వద్ద నుండి వాడినా అది ప్రదర్శనకున్న సహజకాంతిని తుడిచివేసి, రాత్రిని ఏ కాలానికీ చెందని వెలుగుగా మారుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కథకుని చూపును, శ్రోతల ఏకాగ్రతను అది భంగపరుస్తుంది. కొలుపు సందర్భంలో పూనకం వచ్చిన వ్యక్తిపై ఫ్లాష్ వేయడం ఎంతమాత్రం ఆమోదయోగ్యం కాదు. కెమెరా ఫోకస్ కోసం వెలిగించే చిన్న దీపాన్ని కూడా ఆపివేయాలి.

నేడు చాలామంది పరిశోధకుల చేతిలో ఉన్నది మొబైల్ కెమెరాయే. దాని పరిమితులు తెలిసి వాడితే అది ఉపయోగకరమే. మొబైల్‌లోని రాత్రిచిత్రణ పద్ధతి పలు చిత్రాలను వరుసగా తీసి ఒకటిగా కూర్చుతుంది. నిశ్చలమైన వేదికకు, పట్నం ముగ్గుకు ఇది చక్కగా పనిచేస్తుంది. కదిలే చేతుల విషయంలో మాత్రం అలికినట్లో, ఒక చేయి రెండుగానో కనిపించవచ్చు. అంటే కంటిముందు ఎన్నడూ లేని భంగిమ చిత్రంలో ఏర్పడవచ్చు. ముఖాన్ని నునుపుచేసే సదుపాయాన్ని తప్పక ఆపివేయాలి. వీడియో నుండి నిశ్చలచిత్రం తీసుకునే అలవాటుకూ పరిమితి ఉంది. పూర్తి హెచ్.డి. వీడియోలోని ఒక చట్రంలో సుమారు 20 లక్షల బిందువులే ఉంటాయి. 24 మెగాపిక్సెల్ కెమెరా చిత్రంలో 2 కోట్ల 40 లక్షలు ఉంటాయి.

అనుమతి ప్రదర్శన నిర్వాహకుల నుండి మాత్రమే కాక కళాకారుల నుండి కూడా తీసుకోవాలి. ఆచారంతో ముడిపడిన ఒగ్గుకథలో ఏ ఘట్టాన్ని చిత్రించవచ్చో, దేనిని చిత్రించకూడదో ముందుగానే అడిగి తెలుసుకోవాలి. తీసిన చిత్రాలను కళాకారులకు అందజేయడం కృతజ్ఞత మాత్రమే కాదు. చిత్రాన్ని చూసిన కళాకారుడు ఆ భంగిమ ఏ ఘట్టానిదో, ఎందుకలా నిలబడ్డాడో వివరిస్తాడు. ఆ వివరణ మరో సమాచార సేకరణ అవుతుంది.

10. చిత్రాన్ని పాఠంతో ముడివేయడం:

డిజిటల్ చిత్రం తనతోపాటు తీసిన సమయాన్ని, షట్టర్ వేగాన్ని, అపర్చర్‌ను నమోదు చేసుకుంటుంది. ఆ సమయంలో ఏ చరణం పాడుతున్నారో మాత్రం దానికి తెలియదు. ప్రదర్శన మొదలుకాక ముందే కెమెరా గడియారాన్ని, ధ్వనిముద్రణ పరికరపు గడియారాన్ని ఒకటిగా సరిచేసుకోవాలి. లేదా ధ్వనిముద్రణ మొదలైన వెంటనే ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ చేతులను చిత్రించాలి. ఆ తరువాత ఏ చిత్రమైనా ధ్వనిముద్రణలోని ఏ నిమిషానికి, ఏ మాటకు చెందిందో నిర్ధారించవచ్చు. పాఠం, అభినయం మధ్య సంబంధాన్ని నిరూపించడానికి ఇంతకన్నా సులభమైన ఆధారం లేదు.

ప్రతి ప్రదర్శనకు దీపాల రకం, సంఖ్య, అవి ఉన్న దిశ, నేపథ్యం, పరిశోధకుడు నిలబడిన స్థానం నాలుగు వాక్యాలలో రాసిపెట్టుకోవాలి. అనంతర సంస్కరణలో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిదిద్దడం అంగీకారయోగ్యం. ఎరుపు బిందువులు పొంగిన చిత్రాన్ని నలుపుతెలుపులోకి మార్చి, మిగిలిన వర్ణాలలోని వివరాన్ని వెలికితీయడం కూడా ఒక ఉపాయమే. అయితే మార్పును చిత్రం కింద పేర్కొనాలి, మూలచిత్రాన్ని చెరపకూడదు. అడ్డొచ్చిన మైకును తుడిచివేయడం, చీకటిలోని వంతను కత్తిరించివేయడం వంటివి సాక్ష్యాన్ని మార్చే చర్యలు.

11. ముగింపు:

రంగస్థల కాంతి కథాగాన ప్రదర్శనలో అంతర్భాగం. అది కెమెరాకు అనుకూలంగా లేదన్న కారణంతో ప్రదర్శనను పగటివేళకు మార్చి చిత్రించడం పాఠాన్ని సేకర్త తన భాషలోకి మార్చి రాసుకోవడం వంటిది. మూలపాఠాన్ని యథాతథంగా నమోదు చేయాలన్న నియమాన్ని జానపద పరిశోధన ఏనాడో అంగీకరించింది. అదే నియమం దృశ్యానికీ వర్తించాలి.

అందుకు కావలసినవి కొద్దిపాటి పరికరాలు, కాంతి స్వభావంపై అవగాహన, లయపై శ్రద్ధ. ఏ నష్టాన్ని ఎందుకు అంగీకరించారో తెలిసినప్పుడు రవ్వలున్న చిత్రం కూడా విశ్వసనీయమైన ఆధారమవుతుంది. పరిశోధన విధానాన్ని బోధించే తరగతులలో ప్రశ్నావళి రూపకల్పన, ధ్వనిముద్రణలతోపాటు తక్కువ వెలుగులో ఛాయాచిత్రణను కూడా ఒక పాఠ్యాంశంగా చేర్చితే, రాబోయే సిద్ధాంతగ్రంథాలలో పాడుతున్న కథకుడు, అతనికి బదులు పలుకుతున్న వంతలు, వారిని వింటున్న ఊరు ఒకే చట్రంలో కనిపించే అవకాశం కలుగుతుంది.